అందరి మెషీన్ మీద అలియాస్

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక కాలేజీ ల్యాబ్ సర్వర్. అక్కడ ఫైళ్లు తీసేసే ‘ఆర్‌ఎమ్’ కమాండ్ ఎవరు కొట్టినా, తీసెయ్యాలా అని ఒక్కో ఫైలుకూ అడుగుతుంది. అడ్మిన్ మంచి మనసుతోనే ఆర్‌ఎమ్ పేరునే ‘ఆర్‌ఎమ్ హైఫన్ ఐ’కి అలియాస్‌గా, అంటే మారుపేరుగా, కట్టి అందరికీ పెట్టేశాడు. చదువంతా ఆ ప్రశ్నలకు జవాబు చెబుతూ గడిపిన ఒకమ్మాయి, ఉద్యోగంలో చేరాక అన్ని ఫైళ్లకూ కలిపి స్టార్ పెట్టి ఆర్‌ఎమ్ కొట్టింది. ఉంచాల్సినవి అడిగినప్పుడు వద్దందామనుకుంది. ఆఫీసు సర్వర్ అడగలేదు. ఫోల్డర్ ఖాళీ.

అలియాస్‌లాంటి షార్ట్‌కట్‌లు ఎవరివి వాళ్లే కట్టుకోవాలన్న నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. దానికి వంశవృక్షం కూడా ఉంది. 1970ల చివర బర్క్‌లీలో బిల్ జాయ్, కమాండ్‌లను అందుకుని నడిపే తన సీ షెల్ ప్రోగ్రామ్‌లో అలియాస్ పెట్టాడు. 1979లో వెర్షన్ 7 యూనిక్స్‌తో వచ్చిన బోర్న్ షెల్‌లో అది లేదు. జాయ్ వాడిన టెర్మినల్ ఏడీఎమ్-3ఏ. దాని కీబోర్డులో టిల్డే గుర్తున్న కీ మీదే ‘హోమ్’ అనీ ఉండేది. మన హోమ్ డైరెక్టరీకి టిల్డే గుర్తయింది అలాగే. అలియాస్‌లు రాసుకునే ఫైలుండేదీ ఆ హోమ్‌లోనే. సొంతింట్లో సొంత అలవాట్లు. నాకు ఆ ఏర్పాటంటే ఎంతో ఇష్టం.

కానీ అదే ల్యాబ్‌లో మొదటి సంవత్సరం పిల్లలు, ప్రాజెక్టు ఫోల్డర్‌కు వెళ్లి జాబ్ నడిపే పొడవాటి కమాండ్‌ను కాగితం మీద రాసుకుని అక్షరం అక్షరం కొడుతున్నారు. అలియాస్‌లు రాసుకునే ఆ ఫైలు, బాష్ షెల్‌లో బాష్‌ఆర్‌సీ, అంటే ఏమిటో వాళ్లకింకా తెలియదు. మీ షార్ట్‌కట్ మీరే కట్టుకోండని వాళ్లతో అనడం న్యాయం కాదు. అందరికీ పెట్టే అలియాస్ అవసరం వాళ్లకే ఎక్కువ. అందుకే ఇప్పుడంటున్నాను, పెట్టండి. కొత్త పేరుతో పెట్టండి. పాత కమాండ్ పేరును మాత్రం కప్పకండి. కొత్త పేరు ఇంకో మెషీన్ మీద కొడితే ‘కమాండ్ దొరకలేదు’ అంటుంది, అంతే, ఫైళ్లకేమీ కాదు.

చోటు కూడా చూసి పెట్టాలి. ఈటీసీ ఫోల్డర్‌లోని ప్రొఫైల్ డాట్ డి ఫైళ్లను లాగిన్ షెల్ చదువుతుంది. ఉబుంటు డెస్క్‌టాప్‌లో మామూలుగా తెరిచిన టెర్మినల్ వాటిని చూడదు. అక్కడ ఈటీసీలోని బాష్ డాట్ బాష్‌ఆర్‌సీలో రాయాలి. ఫెడోరాలో ప్రొఫైల్ డాట్ డి చాలు. వేళకు పనులు నడిపే క్రాన్‌కూ స్క్రిప్టులకూ ఈ అలియాస్‌లేవీ అందవు కాబట్టి, వాటికి కావలసినదాన్ని యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో చిన్న స్క్రిప్టుగా పెట్టడమే మేలు. ఇక అలవాట్లున్న పెద్దవాళ్లు బెంగపడక్కర్లేదు. వాళ్ల హోమ్‌లోని బాష్‌ఆర్‌సీ చివరి లైన్లు వీటి తరవాతే నడుస్తాయి. అక్కడ ‘అన్‌అలియాస్’ అని, పక్కనే వద్దనుకున్న అలియాస్ పేరుతో ఒక్క లైను రాసుకుంటే సరి.