‘మా భూమి’ - నిషేధవిచారము

‘మా’, ‘మన’ అను రెండును ఉత్తమపురుష బహువచనమునకు షష్ఠీరూపములే. కాని ‘మన’ వినువానిని గలుపుకొనును. ‘మా’ వానిని వెలిగా నుంచును. తెలంగాణ రైతుపోరును వస్తువుగాఁ గొని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు 1947 లో రచించిన ‘మా భూమి’ నాటకమునకు ఈ భేదమే ప్రాణము. ప్రేక్షకులలోని సేద్యగాఁడు తన్ను ఆ పదమునం దిముడ్చుకొనును. భూస్వామి బయట నిలుచును. 1948 లో చెన్నపురి ప్రభుత్వము దీని ప్రదర్శనమును నిషేధించి, తానును ఆ బయటివారిలోఁ జేరినట్లు ఒప్పుకొనెను. గూడవల్లి రామబ్రహ్మముగారి ‘రైతుబిడ్డ’ (1939) చిత్రమునకును జమీందారుల ప్రాబల్యముచే నిట్టి గతియే పట్టినది. పరపాలనము పోయినను పద్ధతి పోలేదు.

నాటకము నిర్దోషమని చెప్పరాదు. కొన్ని పాత్రలు వ్యక్తులు గాక వర్గప్రతీకలుగా నిలిచినవి. అయినను ఆ దోషమును నిర్ణయింపవలసినవాఁడు సహృదయుఁడు, రక్షకభటుఁడు గాఁడు. 1922 లో నర్సీపట్నపు సీమయందు రాజద్రోహ మనిపించుకొన్న అల్లూరి సీతారామరాజు పోరు 1974 లో చలనచిత్రమై జనుల నలరించెను. పాలకులు మాఱఁగానే మాసిపోవు ద్రోహము కావ్యదోషము గానేరదు. అది అధికారముయొక్క భయము మాత్రమే.