ప్రకృతిలో మనసు వాటా: వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కవితల పరిశీలన

కాల్పనిక కవిత్వాన్ని గూర్చిన తెలుగు వ్యాసాల్లో 'ప్రకృతి ఆరాధన' ఒక లక్షణంగానూ 'భావనాశక్తి' మరొక లక్షణంగానూ వేర్వేరు వరుసల్లో కనిపిస్తుంటాయి. ఈ పట్టిక పరీక్షలకు ఉపకరించవచ్చు గాని కవితల ముందు నిలవదు. ప్రకృతి వలన మనిషి పొందే ఆనందంలో ప్రకృతి వాటా ఎంత, మనసు వాటా ఎంత అన్న ఒకే ప్రశ్న ఆంగ్ల కవులను వేధించింది. ఆ రెండు లక్షణాలూ దానిలోనివే.

1798 జులైలో వర్డ్స్‌వర్త్ ఐదేళ్ల ఎడం తరువాత వై నదీ తీరానికి తిరిగివచ్చి 'టింటర్న్ ఆబీ' కవిత రచించాడు. నదీ కొండలూ అవే. చూసే మనిషి మారాడు. యౌవనంలో ఆ దృశ్యం కంటి ఆకలి తీర్చింది. ఇప్పుడు అందులో మానవ జీవిత విషాదం కూడా వినిపిస్తోంది. కన్నూ చెవీ లోకాన్ని గ్రహించడమే గాక కొంత సృష్టిస్తాయి కూడా అన్న నిర్ణయానికి కవి వస్తాడు. అయితే చెట్ల నడుమ లేచే పొగను చూసి అక్కడ నిరాశ్రయులో, ఒంటరి సన్యాసో ఉండవచ్చునని ఊహించి సాగిపోతాడు. ఈ కవిత తన కాలపు సామాజిక వాస్తవాన్ని పక్కకు నెట్టిందని 1986లో మార్జొరీ లెవిన్‌సన్ ఆక్షేపించారు. ఆక్షేపణ కొంత కఠినమే అయినా, ఆ పొగ దగ్గర భావన తొందరపడిందన్నది కాదనలేము.

మనసు కూడా కొంత ఇవ్వవలసి ఉంటే, ఆ మనసు ఎండిపోయిననాడు ఏమవుతుంది? కోల్‌రిడ్జ్ 'డిజెక్షన్: యాన్ ఓడ్' ఇక్కడ మొదలవుతుంది. 1802 ఏప్రిల్‌లో సారా హచిన్‌సన్‌కు రాసిన పద్యలేఖను కుదించి అక్టోబర్ 4న మార్నింగ్ పోస్ట్ పత్రికలో ప్రకటించాడు. అది వర్డ్స్‌వర్త్ వివాహదినం కూడా. సాయంకాలపు ఆకాశం, నక్షత్రాలు, నెలవంక అన్నీ ఉన్నాయి. వాటి అందం కంటికి తెలుస్తోంది గాని హృదయానికి అందడం లేదు. ప్రకృతి తనంత తానుగా ఓదార్చదనీ, మనిషి ఇచ్చినదే తిరిగి ఇస్తుందనీ కవి గ్రహిస్తాడు. విమర్శకులు సాధారణంగా ఈ నిరాశ దగ్గరే ఆగుతారు. నిజానికి ఏడవ భాగం మరింత ముఖ్యం. అక్కడ తుఫాను గాలిలో మొదట ఓడి చెదరిన సైన్యపు మూలుగులు, ఆపైన దారి తప్పిన పసిబిడ్డ ఏడుపు వినిపిస్తాయి. నెలవంక కదిలించలేని భావనను పరుల బాధ కదిలించింది. వర్డ్స్‌వర్త్ పొగగా వదిలివేసిన మనిషి ఇక్కడ గొంతుతో తిరిగివచ్చాడు.

ఈ ప్రశ్నకు దేవులపల్లి కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' (1925) మూడవ మార్గం చూపుతుంది: ఇచ్చిపుచ్చుకోవడమే అక్కరలేకుండా ఆకులో, పూవులో కలిసి అడవిలో దాగిపోవాలన్న కోరిక. దీనిని కొందరు పలాయనమన్నారు, మరికొందరు తాదాత్మ్యమన్నారు. రెండు వర్గాలూ క్రియారూపాన్ని పట్టించుకోలేదు. ఆ గేయంలో దాగడం ప్రశ్నగానే ఉంది. జరిగినట్లు ఎక్కడా లేదు. పైగా లేవని చెప్పుకోవడానికైనా ఆకలినీ దాహాన్నీ చింతనూ పేరు పెట్టి పిలవవలసివచ్చింది. అడవిలో ఒంటరిగా తిరుగుతున్నవాడు ఇంకా మనిషిగానే ఉన్నాడు.