మాన్యువల్ బయట, చిట్టా లోపల

1946 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో, హాగ్స్ బ్యాక్ అనే కొండగట్టు మీద కొందరు మోటార్‌సైకిల్ ప్రియులు కలిశారు. యుద్ధం ముగిసి ఏడాదైనా కాలేదు. పెట్రోలు రేషన్ మీద దొరుకుతోంది. ఇరవై ముప్పై ఏళ్ల నాటి బండ్లను జనం తుక్కు కింద అమ్మేస్తున్నారు. వాటిని బతికించుకోవాలని వాళ్లలో ఒకడైన 'టిచ్' అలెన్ పట్టుబట్టాడు. ఆ రోజు పుట్టిందే వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్. తర్వాత దాని కార్యాలయం, లైబ్రరీ బర్టన్ అపాన్ ట్రెంట్‌లో స్థిరపడ్డాయి. బండి ఏ కంపెనీదైనా సరే, పాతికేళ్లు దాటితే అక్కడ చోటుంది.

మన దగ్గర కథ వేరేగా నడిచింది. 1961లో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ బండ్లు తీయడం మొదలుపెట్టింది. డిజైన్ చెకోస్లొవేకియాది, చెయ్యి మనది. మొదట జావా, 1973 నుంచి యెజ్డీ. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. బండ్లు మాత్రం ఊరూరా పశువుల పాకల్లో, మెట్ల కింద, పాత గోడౌన్లలో మిగిలిపోయాయి. వాటిని బయటికి తీసి తుడిచి నడిపే బృందాలు బెంగళూరు, మైసూరు మొదలుకొని హైదరాబాద్ దాకా పుట్టుకొచ్చాయి. ఏటా జూలై రెండో ఆదివారం అంతర్జాతీయ జావా దినం. ఆ పొద్దున రోడ్డు మీద వినిపించే టూ స్ట్రోక్ చప్పుడు విన్నవాళ్లకు ఈ అభిమానం ఎంత లోతైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ రెండు లోకాలనూ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది ఒకే ఒక్క ప్రశ్న కోసం. పాత బండి గురించిన జ్ఞానం ఇప్పుడు ఆన్‌లైన్‌లోకి వచ్చేసింది. అందులో ఎంత అందరికీ ఇవ్వాలి, ఎంత సభ్యులకే దాచాలి? బ్రిటిష్ క్లబ్బు ఒక జవాబిచ్చింది. మన జావా-యెజ్డీ వాళ్లు ఎవరూ కూర్చుని నిర్ణయించకుండానే దానికి పూర్తిగా ఎదురు జవాబిచ్చారు. నా దృష్టిలో ఇద్దరూ సగం సగం కరెక్టు. తాళం వేయడంలో ఇద్దరూ చెరొక పొరపాటు చేశారు.

మొదట బర్టన్ సంగతి. అక్కడి లైబ్రరీలో వర్క్‌షాప్ మాన్యువళ్లు, పార్టుల జాబితాలు, పాత పత్రికలతో పాటు అంతకన్నా విలువైనది మరొకటి ఉంది. అవి ట్రయంఫ్, బీఎస్ఏ వంటి కంపెనీల డిస్పాచ్ పుస్తకాలు. ఫ్యాక్టరీ గేటు దాటి బండి బయటికెళ్లిన రోజున గుమాస్తా రాసిన చిట్టాలవి. ఇంజన్ నంబరు, ఫ్రేము నంబరు, మోడల్, తేదీ, ఏ డీలరుకు వెళ్లిందో ఆ పేరు. ఒక్కో బండికి ఒక్కో వరుస, అంతే. కాగితాలు పోగొట్టుకున్న బండికి ఆ ఒక్క వరుసే జన్మపత్రం. దాని ఆధారంగా క్లబ్బు బండి పుట్టిన తేదీకి సర్టిఫికెట్ ఇస్తుంది. బ్రిటన్‌లో బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ కూడా ఇలాంటి క్లబ్బుల మాటను సాక్ష్యంగా తీసుకుంటుంది. పేరుకు ప్రైవేటు సంఘమే అయినా చేస్తున్నది ప్రజల పని.

ఈ చిట్టాలను క్లబ్బు ఎవరికి పడితే వాళ్లకు తెరిచి చూపదు. ఫీజు కట్టి అడిగితే మీ బండికి సంబంధించిన వరుసను వెతికి చెబుతుంది, పుస్తకమంతా మీ చేతికివ్వదు. ఇది పిసినారితనమని కోప్పడేవాళ్లు ఉన్నారు. విన్సెంట్ బండ్ల సంగతి తెలిస్తే ఆ కోపం తగ్గుతుంది.

స్టీవెనేజ్‌లో తయారైన విన్సెంట్ మోటార్‌సైకిళ్ల ఉత్పత్తి 1955తో ఆగిపోయింది. యజమానుల క్లబ్బు అంతకుముందే, 1948లోనే మొదలైంది. ఫ్యాక్టరీ పోయాక సభ్యులు తమ బండ్లకు పార్టులు తయారు చేయించుకునేందుకు సొంతంగా స్పేర్ల కంపెనీ పెట్టుకున్నారు. ఆ పని ఎంత దూరం వెళ్లిందంటే, కొత్త పార్టులతోనే ఒక బండిని మొత్తం కట్టి చూపించారు. అసలుకూ నకలుకూ మధ్య లోహంలో తేడా లేనప్పుడు మిగిలే తేడా ఏమిటి? నంబరే.

విన్సెంట్‌లో ఇంజన్ మీద ఒక నంబరు, పై ఫ్రేము మీద ఒకటి, వెనక ఫ్రేము మీద ఒకటి, క్రాంక్‌కేసు రెండు చెక్కల మీద జత నంబర్లు ఉంటాయి. యుద్ధం తర్వాతి రెండు సిలిండర్ల (ట్విన్) బండ్లలో ఇంజన్ నంబరుకు 1900 కలిపితే ఫ్రేము నంబరు వస్తుంది. ఈ లెక్క ఒకప్పుడు అనుభవజ్ఞుల మధ్యే ఉండేది, ఇప్పుడు వెతికినవాళ్లందరికీ దొరుకుతుంది. కాబట్టి సుత్తి, నంబరు అచ్చులు చేతిలో ఉన్న మోసగాడు లెక్క కుదిరేలా నంబర్లు కొట్టుకోగలడు. రాపిడ్ మోడల్‌ను అంతకన్నా ఖరీదైన బ్లాక్ షాడోగా చూపించి డబ్బు చేసుకోగలడు. రేసుల కోసం ముప్పై చిల్లర మాత్రమే తయారైన బ్లాక్ లైట్నింగ్‌లలో ఒకటి, 1951 నాటిది, 2018లో లాస్ వెగాస్‌లో జరిగిన బాన్‌హమ్స్ వేలంలో 9,29,000 డాలర్లు పలికింది. అంత డబ్బు తిరిగే చోట ఫ్యాక్టరీ చిట్టాను నెట్‌లో పరిస్తే, ఏ నంబర్ల బండ్లు కనిపించకుండా పోయాయో చూసుకుని ఆ నంబర్లతో కొత్త 'అసలు' బండ్లు పుట్టుకొస్తాయి. అడిగిన బండికే జవాబు చెప్పి పుస్తకాన్ని లోపలే ఉంచడం పాత బండ్లకు క్లబ్బులు చేస్తున్న పెద్ద మేలు. ఈ ఒక్క విషయంలో బ్రిటిష్ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

చిట్టాకు వేసిన తాళమే మాన్యువల్‌కూ వేయడం దగ్గర నాకు పేచీ. కార్బురేటర్ విప్పే వరుస, వైరింగ్ బొమ్మ, పార్టుల జాబితా, అనుభవజ్ఞులు దశాబ్దాలుగా సభ్యుల పత్రికలో రాసిన మరమ్మతు చిట్కాలు... వీటిలో ఎక్కువ భాగం చందా కట్టినవాళ్లకే చేరుతుంది. పాత పత్రికల హక్కులు కొన్ని వాటి ప్రచురణకర్తల దగ్గరే ఉన్నాయి, వాటిని క్లబ్బు తనంతట తాను పంచలేదు, ఒప్పుకుంటాను. సొంత సభ్యులు రాసిన చిట్కాలకు ఆ అడ్డంకి ఎక్కడుంది? పాయింట్ గ్యాప్ ఎంత పెట్టాలో తెలిస్తే ఎవరూ దొంగ బండి తయారు చేయలేరు. బండి స్టార్టవుతుంది, అంతే జరిగేది. ఇదే క్లబ్బు ఏటా నడిపే బాన్‌బరీ రన్‌లో 1931కి ముందు నాటి బండ్లు వందల సంఖ్యలో పల్లె రోడ్ల మీద సాగుతుంటే, సన్‌రైజింగ్ హిల్ ఎక్కలేక రొప్పుతుంటే, పక్కన నిలబడి ఎవరైనా చూడొచ్చు. రోడ్డు మీద అంత ధారాళంగా ఉన్నవాళ్లు బీరువా దగ్గరికొచ్చేసరికి ముడుచుకుపోవడం నాకు మింగుడుపడదు.

దీని దెబ్బ మన మీదా పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి బీఎస్ఏ ఎం20లు లక్షా పాతిక వేలకు పైగా తయారయ్యాయి. ఆ కాలపు బ్రిటిష్ బండ్లు మన దేశంలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి బండిని బాగుచేస్తున్న మేస్త్రీ పౌండ్లలో చందా కట్టి, ఇంగ్లిష్‌లో ఫారం నింపి సభ్యుడవుతాడా? కాడు. అతనికి కావాల్సిన రెండు పేజీలు ఎక్కడో లాగిన్ వెనక ఉంటాయి. ఇంజన్ మాత్రం అతని బల్ల మీద విప్పి ఉంటుంది.

ఇక మనవాళ్ల పద్ధతి. జావా-యెజ్డీ బృందాల్లో కొత్తగా అడిగినవాడికి దొరికే ఆదరణ ఇంకెక్కడా చూడం. తాతగారి యెజ్డీని పాకలోంచి బయటికి లాగిన కుర్రాడికి మొట్టమొదట ఎదురయ్యే సమస్య, కిక్ రాడ్ ఎక్కడుందో కనబడకపోవడం. గేర్ రాడ్‌నే లోపలికి నొక్కి పైకి తిప్పితే అది కిక్ రాడ్ అవుతుందని ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు. అతను వాట్సాప్‌లో ఫొటో పెడతాడు. కాసేపటికి ఎవరో పెద్దాయన వాయిస్ మెసేజ్ పంపుతాడు: "బాబూ, గేర్ రాడ్ ఇంజన్ వైపు నొక్కు. గట్టిగా నొక్కాలి, భయపడకు. ఇప్పుడు పైకి తిప్పి కొట్టు. అంతకుముందు ట్యాంకులో పాత పెట్రోలు తీసేశావా లేదా? ఆయిల్ కలిపే పోశావా?" చందా లేదు, ఫారం లేదు. చేతివిద్య ఇలాగే కదా ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లాలి. ఈ ఔదార్యం ముందు ఇంగ్లిష్ క్లబ్బుల మర్యాద చిన్నబోతుంది.

ఆ వాయిస్ మెసేజ్ ఏమవుతుంది? మర్నాటికి వంద గుడ్ మార్నింగుల కింద పూడిపోతుంది. వారం తర్వాత ఇంకో కుర్రాడు అదే ప్రశ్న అడుగుతాడు. పెద్దాయన మళ్లీ చెబుతాడు, కొన్నాళ్లకు విసుగొచ్చి మానేస్తాడు, ఒకరోజు ఆయనే ఉండడు. తలుపులు బార్లా తెరిచిన ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బర్టన్‌లో ఉన్న సూచిక, వరుస, బాధ్యతగల లైబ్రేరియన్ మన దగ్గర లేరు. అందరికీ ఇచ్చినంత మాత్రాన అందరికీ అందినట్టు కాదు.

ఇంతకన్నా ఆందోళన కలిగించేది ఇంకొకటి. బండి అమ్మకానికి పెడుతూ ఆర్సీ పుస్తకాన్ని పేరు, చిరునామాతో సహా ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తున్నారు. ఛాసిస్ నంబరు అచ్చును పెన్సిల్‌తో రుద్ది ఆ కాగితాన్నీ పెడుతున్నారు. ఆ గ్రూపులో వెయ్యి మంది ఉంటారు, వాళ్లెవరో ఎవరికీ తెలియదు. దొంగ బండికి కాగితాలు పుట్టించాలనుకునేవాడికి కావాల్సిన సరంజామా అంతా మనమే అందిస్తున్నాం. ఒంటరిగా ఉండే వృద్ధుడి ఇంటి ముందు విలువైన బండి ఉందని చిరునామాతో చాటింపు వేస్తున్నాం. బ్రిటిష్ వాళ్లు అతిగా దాచిన చోట మనం దాచాల్సిందీ దాచలేదు.

2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించి వింటేజ్ బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చాక ఈ విషయం మరింత బరువెక్కింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లకు 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. తొలినాళ్ల మైసూరు జావాలన్నీ ఇప్పటికే ఆ యాభై దాటేశాయి. బండి వయసుకూ, అసలు రూపానికీ నిదర్శనం చూపాల్సిన రోజులివి. నంబరుకు విలువ పెరిగే కొద్దీ నకిలీకి ఆశా పెరుగుతుంది. విన్సెంట్ వాళ్లకు ఎదురైన గతి మనకూ ఎదురవుతుంది, ధరలో తేడా ఉండొచ్చు, మోసం తీరు అదే.

అన్నీ ఉచితంగా ఇస్తే క్లబ్బులో ఎవరు చేరతారన్న వాదన ఒకటుంది. స్కానింగ్‌కు ఖర్చవుతుంది, పాత కాగితాలకు చెమ్మ తగలని గది కావాలి, ఇవన్నీ చందాలతోనే నడవాలి. నిజమే. కానీ మనిషి పాత బండ్ల క్లబ్బులో పీడీఎఫ్ కోసం చేరడు. కలిసి బండి తోలడానికి, తనలాంటి వాళ్ల మధ్య ఒక ఆదివారం గడపడానికి, తన బండికి నలుగురు నమ్మే సర్టిఫికెట్ సంపాదించుకోవడానికి చేరతాడు. చిట్టా తిరగేసి వరుస వెతికి సంతకం పెట్టిన వ్యక్తి శ్రమకు ఫీజు తీసుకోవడం న్యాయం. అరవై ఏళ్ల కిందటి వైరింగ్ బొమ్మకు చందా అడగడం న్యాయం కాదు. పైగా బ్రిటన్ క్లబ్బుల్లో సభ్యుల తలలు నెరుస్తున్నాయి. గడప బయట నిలబడిన ఇరవై ఏళ్ల కుర్రాడు లోపలికి ఎందుకు రావాలో తెలుసుకోవాలంటే ముందు కొంత రుచి చూడాలి కదా.

ఈ పంపకం ఎలా ఉండాలో తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలను నిలబెట్టుకున్నవాళ్లం. ఊరి గ్రంథాలయంలో పఠన మందిరం అందరిదీ. ఇంటికి పుస్తకం పట్టుకెళ్లాలంటే డిపాజిట్ కట్టాలి. అరుదైన ప్రతి మాత్రం లైబ్రేరియన్ కళ్లెదుటే చూసి ఇచ్చేయాలి. అలాగే మాన్యువళ్లు, మరమ్మతు చిట్కాలు పఠన మందిరంలో ఉండాలి. సభల వివరాలు, సభ్యుల ఫోన్ నంబర్లు సభ్యుల వరకే. ఫ్యాక్టరీ చిట్టాలు, ఛాసిస్ నంబర్లు బాధ్యులైన ఒకరిద్దరి చేతుల్లో.

ఈ కొలతతో చూస్తే చిట్టా విషయంలో బర్టన్‌ది పైచేయి, విద్య పంచడంలో మనవాళ్లది. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను మనవాళ్ల వైపే నిలబడతాను. చేరిన తప్పుడు సమాచారాన్ని తర్వాతైనా సరిదిద్దుకోవచ్చు. చేరకుండా పోయిన విద్య వల్ల తుక్కుకు వెళ్లిన బండి తిరిగి రాదు.

జావా, యెజ్డీ గ్రూపులు నడుపుతున్న తెలుగు మిత్రులకు నా మనవి రెండే. ఆర్సీ, ఛాసిస్ నంబరు ఫొటోలు ఈరోజే తీయించేయండి, ఇకపై ఆఖరి నాలుగు అంకెలు చెరిపి పెట్టమనండి. మీ ఊళ్లో యెజ్డీ ఇంజన్ కళ్లు మూసుకుని విప్పగల మేస్త్రీ ఎవరున్నారో చూసి, ఆయన చెప్పేది తెలుగులో రికార్డు చేసి, విషయాలవారీగా పేర్లు పెట్టి, ఎవరైనా వెతికితే దొరికే చోట ఉంచండి. ఆయన ఓపికగా చెప్పగలిగిన రోజుల్లోనే ఆ పని మొదలుపెట్టండి.