గుమ్మం దగ్గర్నుంచి కొలవండి

అట్లాసు ముందేసుకుని దూరాలు లెక్కగట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా మన మార్కాపురం అక్షాంశం దగ్గర 107. రెండు ఊళ్ళ అక్షాంశ, రేఖాంశాల తేడాలను కిలోమీటర్లలోకి మార్చి, కర్ణం ఎంతో తేల్చితే చాలు. బడిపిల్లలు మన ఊరి పలక మీదే చేసేయొచ్చు.

ఈ వారం కర్నూలు, విజయవాడ విమానాశ్రయాలు తీసుకున్నాను. ఓర్వకల్లు దగ్గరి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం నుంచి 2021 మార్చిలో విమానాలు మొదలయ్యాయి. విజయవాడకు 2025 జులైలో. మధ్య దూరం తిన్నగా కొలిస్తే 300 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఇలాంటి రూట్లలో తిరిగే ఏటీఆర్ 72 విమానం గంటకు 500 కిలోమీటర్ల పైచిలుకు వేగం అందుకుంటుంది. ఆ వేగంతోనే పోతే 36 నిమిషాలు చాలు. టైంటేబుల్లో మాత్రం గంట వేస్తారు, అది న్యాయమే. రన్‌వే చివరిదాకా వెళ్ళడం, పైకెక్కడం, దిగే ముందు నెమ్మదించి రన్‌వేకు ఎదురుగా తిరగడం, ఇవేవీ ఆ వేగంతో జరగవు. దూరం తక్కువయ్యేకొద్దీ ఎక్కడానికీ దిగడానికీ పోయే వాటా పెరుగుతుంది.

ఈ రెండు విమానాశ్రయాలను కలిపే గీతను మ్యాపు మీద గీస్తే నల్లమల దాటి దాదాపు ఎర్రగొండపాలెం మీదుగానే పోతుంది. (విమానం సరిగ్గా ఆ గీత మీదే పోవాలని లేదు.) అంటే మన నెత్తిమీది దారి. ఆ విమానాన్ని అందుకోవాలంటే మాత్రం విజయవాడ తూర్పున ఉండగా మనం పడమరకు బయల్దేరాలి. మార్కాపురం నుంచి ఓర్వకల్లు తిన్నగా 120 కిలోమీటర్లే. మనిషి తిన్నగా పోలేడు కదా! కంభం, గిద్దలూరు దాటి, ఘాట్ మలుపులన్నీ తిరిగి, నంద్యాల చేరి, కర్నూలు రోడ్డు పట్టాలి. ఘాట్‌లో ఒక్క లారీ మొరాయిస్తే ఇక ఆ రోజు లెక్కే లేదు. ఏమీ కాకపోయినా మూడు నాలుగు గంటలు. విమానాశ్రయంలో ముందుగా ఒక గంట, విమానంలో ఒక గంట, విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి ఊళ్ళోకి ఇంకొంత. అదే మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కితే నాలుగు గంటలు అటూఇటూగా విజయవాడలో ఉంటాం.

మనకు ఇంకా దగ్గర్లో, దొనకొండలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్ళు వేసిన ఎయిర్‌స్ట్రిప్ ఉంది. మార్కాపురానికి తిన్నగా పాతిక కిలోమీటర్లు. దాన్ని మళ్ళీ తెరవాలన్న మాట ఏళ్ళుగా నడుస్తోంది. నేనూ గట్టిగా కోరుకుంటున్నాను, విజయవాడ కోసం కాదు, రైల్లో రాత్రంతా కూర్చోవాల్సిన దూరపు ఊళ్ళ కోసం.

దాని మంచిచెడ్డలు తేల్చే అధికారులకు ఒక విన్నపం. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కాదు, పుల్లలచెరువులో, రాచర్లలో, కొమరోలులో ఇంటి గుమ్మం దగ్గర్నుంచి కొలవండి. దొనకొండకు విమానం వచ్చేలోపు గిద్దలూరు–నంద్యాల ఘాట్ రోడ్డు వెడల్పు చేయండి. అక్కడ తగ్గే అరగంట బస్సులో పోయేవాళ్ళకూ, అంబులెన్సులో పోయేవాళ్ళకూ రోజూ అందుతుంది.