తువ్వాల కింది వేళ్లు

సోమవారం ఆర్మూరు బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చున్నాను. నిజామాబాద్ యార్డులో పసుపు అమ్మి వచ్చిన ఒక కాక గల్లా మీది క్యాలిక్యులేటర్ అడిగి తీసుకుని, తక్‌పట్టి చీటీలో లెక్క సరిచూసుకుంటున్నాడు. కొమ్ము ధర వేరు, గోళ ధర వేరు. లెక్క తేలగానే ఫోను తీసి కొడుక్కి నంబరు కొట్టాడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత తగాదా తెలుసు. క్యాలిక్యులేటర్లో పై వరుస 7, 8, 9. ఫోన్లో 1, 2, 3. ఒకే చేతికి రెండు వరసలెందుకు?

"తికమక కాదా కాకా?" అనడిగాను.

"ఎందుకైతది సార్? అండ్ల గట్ల, ఇండ్ల గిట్ల. నేను సూసి కొడ్తనా, వేళ్లకే ఎరుక."

ఆ మాట నన్ను మా తాత వెంట పశువుల అంగడికి తీసుకుపోయింది. ఎడ్ల బేరంలో నోటితో ధర పలికేవారు కాదు. ఇద్దరూ తువ్వాల కింద చేతులు కలిపేవారు. ఎన్ని వేళ్లు పడితే అన్ని వందలు. నచ్చకపోతే చెయ్యి వెనక్కి. చుట్టూ పదిమంది ఉన్నా ధర ఆ ఇద్దరి మధ్యే. నేను తాత మొహంలో ధర వెతికేవాణ్ని, ఏమీ దొరికేది కాదు. బేరం తెగాక తువ్వాల దులిపి భుజాన వేసుకునేవాడు. అక్షరం రాకపోయినా ఆ లెక్క తప్పడం నేను చూడలేదు.

1958లో మన ప్రభుత్వం పిలిస్తే వచ్చిన అమెరికా డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు తమ నివేదికలో మన చెంబును ఎంతో మెచ్చుకున్నారు. అది ఒకరు గీసింది కాదు, తరాలుగా చేతులు సరిదిద్దుకున్నది. తువ్వాల బేరమూ అంతే.

ఫోను వరసకూ చేతులే సాక్ష్యం. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లోని జాన్ కార్లిన్ బృందం మీటల్ని రకరకాలుగా పేర్చి, మనుషులతో నంబర్లు నొక్కించి, వేగమెంత, తప్పులెన్ని అని చూసింది. 1963లో పై వరుసలో 1, 2, 3 ఉన్న ఆ మీటల ఫోన్లు జనంలోకి వచ్చాయి. ఇవాళ అద్దం మీద యూపీఐ పిన్ కొట్టినా వేలు వెళ్లేది ఆ వరసలోకే.

రెండు వరసల్నీ ఒకటి చేయాలని రాద్దామని కూర్చున్నాను. ఆ మాట వదిలేస్తున్నాను. రెండూ ఇన్నేళ్లుగా తమ చోటు కదల్లేదు, అందుకే కాక వేళ్లకు వచ్చాయి. నా కోపమంతా ఇప్పుడు రాత్రికి రాత్రి చోటు మారే బటన్ల మీద. 2016లో పంటల ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్ మొదలైన తొలి యార్డుల్లో నిజామాబాద్ ఒకటి. రైతు పంట ధర తెర మీదికి వచ్చాక, ఆ తెరలు గీసేవాళ్లు పసుపు వచ్చే రోజుల్లో ఒక్క పూటైనా యార్డులో రైతు పక్కన కూర్చోవాలి.

కాక లేవబోతూ ఖాతాలో డబ్బు పడిందేమో చూద్దామని మళ్లీ ఫోను తీశాడు. యాప్ కొత్తగా మారిందట.

"మొన్నటిదాంక గీడనే ఉండె సార్," అంటూ తెర మీద ఖాళీ చోట వేలు పెట్టి నాకు చూపించాడు.