ముందు పలకరింపు

హైదరాబాదులో పొద్దున్న ఆరున్నర. వేసవిలో అయితే డాలస్‌లో అప్పుడు రాత్రి ఎనిమిది. మా వదిన తెలుగు క్లాసుకి జూమ్ తెరిచేసరికి అవతల పదేళ్ల పిల్ల, కెమెరా ఆపేసి, బెరుకుగా. కెమెరా పెట్టమని వదిన అడగదు. "అన్నం తిన్నావా నాన్నా?" అంటుంది. ఏం కూరో, ఎవరు వండారో చెప్పేలోపే పిల్ల గొంతు తేలికపడుతుంది.

ఆ తర్వాతే గూగుల్ డాక్స్. "అమ్మమ్మ కల్లు నాకు చాలా ఇష్టం" అని రాసింది పిల్ల. వదిన నవ్వలేదు, దిద్దనూ లేదు. "అమ్మమ్మ నిన్ను ఎలా చూస్తుందో ఇంకో వాక్యం రాయవూ" అంది. అది రాశాక, నాలుక వెనక్కి మడిచి 'ళ' పలికించింది. రెండుసార్లు పలికి, పిల్లే తప్పు పట్టుకుంది.

దిద్దాల్సి వస్తే డాక్స్‌లోని సూచనల పద్ధతిలోనే దిద్దుతుంది. పిల్ల రాసిన మాట కొట్టివేత గీతతో అక్కడే కనిపిస్తుంది. ఒప్పుకోవడమా మానడమా పిల్ల ఇష్టం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఎర్రసిరా దిద్దుబాట్ల మధ్య చదువుకున్నవాణ్ణి, ఆ మర్యాద విలువ నాకు తెలుసు.

రాతను కాదు, రాసేవాళ్లను తీర్చిదిద్దాలని స్టీఫెన్ నార్త్ అనే రచనాబోధన పండితుడు 1984లో ఒక వ్యాసంలో వాదించాడు. వదిన అది చదవలేదు. క్లాసయ్యాక "ఆ పిల్లకి అమ్మమ్మంటే ప్రాణం" అని మాత్రం చెప్పింది, చల్లారిన కాఫీ మళ్లీ వేడిచేసుకుంటూ.