ఆనర్స్ పట్టా నియమాలు – మన పన్నెండు క్రెడిట్లు

'ఆనర్స్' అన్న మాటకు మన విశ్వవిద్యాలయాలలో ఏనాడూ ఒకే అర్థం లేదు. ఒకప్పటి మద్రాసు, ఆంధ్ర విశ్వవిద్యాలయాలలో బి.ఏ. ఆనర్స్ అంటే ఒకే విషయంలో గాఢంగా సాగే చదువు, దానికి ఎమ్.ఏ.తో సాటి వచ్చే గౌరవం ఉండేది. ఒడిశా కళాశాలల్లో మూడేళ్ళ బి.ఏ.లో ప్రధానంగా చదివిన విషయానికే చిరకాలంగా ఆనర్స్ అని వాడుక. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) డిగ్రీ చదువులకు కొత్త పాఠ్యప్రణాళికనూ క్రెడిట్ల చట్రాన్నీ ప్రకటించిన తరువాత ఈ మాటకు మరో అర్థం వచ్చింది. నాలుగేళ్ళు, ఎనిమిది సెమిస్టర్లు, కనీసం 160 క్రెడిట్లు పూర్తిచేసిన వారికి ఆనర్స్ పట్టా. మూడేళ్ళతో, 120 క్రెడిట్లతో ఆగిన వారికి మామూలు డిగ్రీ.

నియమావళి కూడా ఒక రచనే. ఏది ముఖ్యం, ఏది కాదు అని అది అంకెలతో చెబుతుంది. కాబట్టి కావ్యాన్ని చదివినట్లే దాన్నీ చదివి, అంకెల వెనుక ఉన్న ఉద్దేశాన్ని తూచి చూడవచ్చు. ఉభయ తెలుగు రాష్ట్రాల వెలుపల చదువుకొంటున్న మన విద్యార్థుల పక్షాన నిలబడి మేము ఇక్కడ చేస్తున్నది ఆ పని.

ముందుగా లెక్క. మూడేళ్ళ 120 క్రెడిట్లలో మేజర్ విషయానికి కనీసం 60, మైనర్‌కు 24, ఇతర శాఖల పరిచయ పాఠ్యాలకు 9, భాషా సామర్థ్యానికి 8, నైపుణ్య పాఠ్యాలకు 9, విలువల పాఠ్యాలకు 6 నుంచి 8, వేసవి ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4. నాలుగో ఏట మేజర్ 80కి, మైనర్ 32కి పెరుగుతాయి. వీటికి తోడు 12 క్రెడిట్ల పరిశోధన వ్యాసం ఉంటుంది. అంటే ఆ చివరి ఏడాది 40 క్రెడిట్లూ ఇరవై, ఎనిమిది, పన్నెండుగా పంచి పెట్టారు.

ఈ చట్రంలో మంచి లేదని మేము అనము. ఒక ఏడాది 40 క్రెడిట్లతో చదివి, నిర్ణీతమైన వృత్తి పాఠ్యమొకటి పూర్తిచేసి ఆగిపోయిన విద్యార్థికి సర్టిఫికెట్, అదే విధంగా రెండేళ్ళు 80 క్రెడిట్లతో చదివిన వారికి డిప్లొమా ఇస్తారు. అలా వెళ్ళిన వారు మూడేళ్ళ లోపు తిరిగి చేరవచ్చు. మొత్తం చదువు ఏడేళ్ళలో ముగిస్తే చాలు. కుటుంబ భారం మోస్తూ చదివే పిల్లలకు ఇది చిన్న వెసులుబాటు కాదు. చరిత్ర మేజర్‌గా చదివే విద్యార్థి తెలుగును మైనర్‌గా పెట్టుకోవడం కూడా, కళాశాలలో ఆ ఏర్పాటు ఉంటే, ఇప్పుడు సాధ్యమే.

ఇక మా అభ్యంతరాలు. మొదటిది గాఢతకు సంబంధించినది. 2015లో యు.జి.సి. తెచ్చిన ఎంపిక క్రెడిట్ల పద్ధతిలో మూడేళ్ళ ఆనర్స్‌కు 140 క్రెడిట్లు ఉండేవి. అందులో ప్రధాన విషయపు 14 పాఠ్యాలకు 84, అదే విషయంలోని ఐచ్ఛికాలకు 24, వెరసి 108. నూటికి 77 వంతులు. కొత్త చట్రంలో మేజర్‌కు కనీసం 80, పరిశోధన వ్యాసాన్ని కలుపుకొంటే 92; నూటికి 57న్నర వంతులు. ఇవి కనీస సంఖ్యలే, విశ్వవిద్యాలయాలు పెంచుకోవచ్చు అన్నది నిజమే. అయినా చట్రం తానుగా కోరేది ఇంతే. ఆనర్స్ ఒక ఏడాది పొడుగు పెరిగింది. లోతు మాత్రం ఆ మేరకు పెరగలేదు. విస్తృతి మంచిదే. కాని విస్తృతికి ఆనర్స్ అన్న పేరెందుకు?

రెండవది తెలుగు చోటుకు సంబంధించినది. మన విద్యార్థులలో ఎక్కువ మందికి ఈ చట్రంలో తెలుగు కనిపించగలిగేది భాషా సామర్థ్యం అన్న గడిలోనే. అక్కడ ఉన్నవి 8 క్రెడిట్లు. వాటినీ ఇంగ్లీషుతో పంచుకోవాలి. ఒక సెమిస్టరులో పదిహేను గంటల బోధన ఒక క్రెడిట్. ఆ ఎనిమిది క్రెడిట్లూ కలిపినా 120 గంటలు. సగం తెలుగుకు వచ్చిందనుకొంటే 60 గంటలు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో రాస్తూ పెరిగిన పిల్లకు ఆ అరవై గంటల్లో లిపి నేర్పాలా, వ్యాకరణం చెప్పాలా, నన్నయను పరిచయం చెయ్యాలా? ఆ గడి ఉద్దేశం భాషలో వ్యవహార దక్షత. సాహిత్యం అక్కడ అతిథి మాత్రమే.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పన్నెండు క్రెడిట్ల పరిశోధన వ్యాసం. క్షేత్ర పరిశీలనకు, ప్రాజెక్టుకు ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల పని. ఆ లెక్కన పన్నెండు క్రెడిట్లు 360 గంటలు. నాలుగేళ్ళ చదువులో విద్యార్థి తాను ఎన్నుకొన్న ప్రశ్నతో ఇంతసేపు ఒంటరిగా కూర్చొనే చోటు మరొకటి లేదు. ఆనర్స్ అన్న పేరుకు అసలు అర్హత ఇక్కడే ఉందని మేము నమ్ముతున్నాము. కాని ఈ చోటికి చట్రం ఒక తలుపు పెట్టింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు వచ్చిన వారే పరిశోధన మార్గం ఎన్నుకోవచ్చు. వారి పట్టా మీద 'పరిశోధనతో కూడిన ఆనర్స్' అని ఉంటుంది. తక్కిన వారు వ్యాసానికి బదులు మూడు పాఠ్యాలు చదివి అవే పన్నెండు క్రెడిట్లు తెచ్చుకొంటారు. అంటే ప్రశ్న వెయ్యడమూ, మరో మూడు పరీక్షలు రాయడమూ ఈ లెక్కలో సమానం.

రాష్ట్రేతర తెలుగు విద్యార్థికి ఆ పన్నెండు క్రెడిట్లు ఎందుకంత విలువైనవో చెప్పాలి. తంజావూరు నాయకరాజుల కాలపు యక్షగానాలు తెలుగు సాహిత్యంలో ఒక యుగం; విజయరాఘవ నాయకుడు, రంగాజమ్మ తెలుగులో రాసినది తమిళ దేశం నడిబొడ్డున. ఆ ఊళ్ళోనే సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉంది. బ్రౌను సేకరించిన తెలుగు ప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. చింతామణి దగ్గర కైవారం తాతయ్య కీర్తనలు తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్నాయి. సోలాపూరులో తెలంగాణ నుంచి వెళ్ళి స్థిరపడిన పద్మశాలీల మగ్గాల మాటలు, ముంబయి కామాఠీపురకు పేరిచ్చిన కామాఠీల వలస కథలు, 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో నేటికీ మిగిలిన పరిపాలనా పదాలు – వీటిలో ఏ ఒక్కటీ హైదరాబాదులోనో విశాఖలోనో కూర్చొని సులువుగా చేయగల పని కాదు. ఆ ఊరివాడు, ఆ పలుకుబడి చెవిన పడి పెరిగినవాడు చెయ్యాలి. నాలుగో ఏటి విద్యార్థికి అవ్వ మాటలో ఉన్న ఒక్క క్రియారూపం చాలు, వ్యాసానికి విషయమవుతుంది.

75 శాతం నిబంధనను సమర్థించేవారు చెప్పే కారణాలు తీసిపారేయదగినవి కావు. పరిశోధన అందరికీ పనికివచ్చే పని కాదు. పర్యవేక్షించే అధ్యాపకులు కొద్దిమంది. ఒక్కొక్కరికి ముప్పై మందిని అప్పగిస్తే వ్యాసాలు నకళ్ళవుతాయి. పైగా నాలుగేళ్ళ పట్టాతో సూటిగా పిహెచ్.డి.లో చేరడానికి 2022 నవంబరు నిబంధనలు కూడా 75 శాతమే అడుగుతున్నాయి. కొన్ని వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. కాబట్టి ముందే వడకట్టడం మేలు కదా అంటారు.

మా సమాధానం ఇది. ఆ 75 శాతం మొదటి ఆరు సెమిస్టర్ల మార్కుల నుంచి రావాలి. అందులో నైపుణ్య పాఠ్యం ఉంది, విలువల పాఠ్యం ఉంది, ఇంగ్లీషు ఉంది. పద్దెనిమిదో ఏట తెలుగు లిపి కూడబలుక్కొన్న విద్యార్థి మొదటి రెండు సెమిస్టర్లలో వెనకబడితే ఆ లోటు చివరి దాకా వెంటాడుతుంది. నాలుగో ఏట అతడు ఎంత ఎదిగాడన్నది ఆ సగటు చెప్పదు. అతని చెవికి తెలిసినది ఏ పరీక్షా అడగలేదు. పర్యవేక్షకుల కొరత ఉంటే దానికి మందు పర్యవేక్షకులను సమకూర్చడం. విద్యార్థులను తగ్గించడం కాదు.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోకుండా ఉండలేము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, చుట్టుపట్ల సవరలు మాట్లాడే భాషను వారి దగ్గరే నేర్చి, 1931లో ఆ భాషకు ఇంగ్లీషులో వ్యాకరణ గ్రంథం వెలువరించారు. ఏ విశ్వవిద్యాలయమూ ఆయనకు పరిశోధకుడని ముందుగా అర్హతాపత్రం ఇవ్వలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించినది 1938లో, పని అంతా అయిన తరువాత. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. వాడుక భాష కోసం పోరాడిన మనిషి సరిహద్దు ఊరిలో, రెండు మూడు భాషల నడుమ తయారయ్యాడన్నది యాదృచ్ఛికం కాదని మా అభిప్రాయం.

చివరగా రాష్ట్రాల వ్యత్యాసం. నాలుగేళ్ళ పద్ధతిని 2021–22లో అందరికన్నా ముందు చేపట్టిన కర్ణాటక, 2024 మేలో మళ్ళీ మూడేళ్ళ డిగ్రీకి మళ్ళింది. తమిళనాడు జాతీయ విద్యావిధానాన్ని అంగీకరించక మూడేళ్ళ పద్ధతినే నిలుపుకొంది. అక్కడ వీలున్న కళాశాలల్లో భాషా విభాగం కింద తెలుగు తీసుకోవచ్చు. మహారాష్ట్ర నాలుగేళ్ళ వైపు నడిచింది. హోసూరులో ఒక తెలుగింటి పిల్ల, సోలాపూరులో మరో తెలుగింటి పిల్ల ఒకే ఏడు చదువు మొదలుపెట్టినా ఇద్దరి పట్టాలకు అర్థం వేరు. ఏ ప్రభుత్వ నిర్ణయం సరైనదో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. కాని మూడేళ్ళయినా నాలుగేళ్ళయినా ఒక స్వతంత్ర వ్యాసం రాసే అవకాశం డిగ్రీలో ఉండాలన్నది రెండు పద్ధతులకూ వర్తించే మాట.

మా సూచనలు మూడు. పరిశోధన వ్యాసానికి ప్రవేశం మొత్తం సగటు మీద కాక, మేజర్‌లోని మార్కులతో పాటు విద్యార్థి సమర్పించే రెండు పుటల ప్రణాళిక మీద నిర్ణయించాలి. తెలుగు శాఖ లేని కళాశాల విద్యార్థికి మరో విశ్వవిద్యాలయపు తెలుగు అధ్యాపకుడు సహ పర్యవేక్షకుడుగా ఉండే వీలు కల్పించాలి. క్రెడిట్లు ఒక చోటి నుంచి మరో చోటికి మారడానికి 2021లోనే క్రెడిట్ల నిధి ఏర్పడినప్పుడు, పర్యవేక్షణ మారడానికి అడ్డేమిటి? వేసవి ఇంటర్న్‌షిప్పు 60 నుంచి 120 గంటలను లిఖిత గ్రంథాలయాలలో, స్థానిక తెలుగు సంఘాల రికార్డుల మధ్య గడపడానికి అనుమతించాలి.

విద్యార్థులకు ఒక మాట. చేరేముందు మీ కళాశాలను మూడు ప్రశ్నలు అడగండి. తెలుగు మేజర్‌గానో మైనర్‌గానో ఉందా, లేక ఎనిమిది క్రెడిట్ల గడిలోనే ఉందా? నాలుగో ఏడు ఇక్కడే చదవవచ్చా? వ్యాసాన్ని తెలుగులో రాస్తే దిద్దేవారున్నారా? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. మూడింటికీ లేదనే జవాబు వచ్చినా, మూడో ఏటి సెలవుల్లో ఒక నోటు పుస్తకం పట్టుకొని మీ ఊరి పెద్దల మాటలు తేదీతో సహా రాయడం మొదలుపెట్టండి. క్రెడిట్ వచ్చినా రాకపోయినా ఆ పుస్తకం వృథా పోదు.